జిప్సీని నడుపుకుంటూ వెళ్ళాలా, లారీ ఎక్కించాలా? రావులపాలెం ఫ్లాట్‌బెడ్‌తో ఏడాది అనుభవం

నాలుగోసారి కూడా మా మారుతి జిప్సీ జీపు, దాన్ని బల్ల మీద మోసుకుపోయే ఆ ఫ్లాట్‌బెడ్ లారీ మీద నుంచి చిన్న గీతయినా పడకుండా దిగింది. ఒక్కసారి బాగా జరిగితే అదృష్టం అనుకునేవాణ్ణి. నాలుగుసార్లూ ఒకేలా జరిగింది కాబట్టి అది పనితనమే. అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. లారీ యజమాని తన పేరూ, నంబరూ రాయవద్దన్నారు. ఉన్న ఒక్క బండికి సరిపడా పని ఇప్పటికే ఉందట. రావులపాలెం చుట్టుపక్కల వాకబు చేస్తే ఆయన దొరకడం కష్టం కాదు.

మాది కొత్తపేట. అరటి వ్యాపారం చేస్తాను. రావులపాలెం మార్కెట్లో గెలలు కొని, లారీలకు ఎత్తించి బయటి ఊళ్ళకు పంపడం ఇరవై ఆరేళ్ళుగా నా పని. జిప్సీ మాత్రం నా సొంత సరదా, మిత్రుల బృందంతో కలిసి బురదలో, రాళ్ళ మీద నడపడానికి. 1298 సీసీ పెట్రోలు ఇంజను, ముందూ వెనకా కమాను పట్టీల స్ప్రింగులు, రెండువైపులా గట్టి ఇరుసులు. రెండంగుళాలు ఎత్తు పెంచాం. 235/75 కొలత బురద టైర్లు వేశాం. ముందు వించ్ (ఇరుక్కున్న బండిని తీగతో లాగే యంత్రం) ఉంది, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం పైకప్పు దాకా ఉంది. ఈ మార్పులన్నీ పొలం దారిలో మేలు చేసేవే. జాతీయ రహదారి మీద మాత్రం వీటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఇబ్బంది పెడుతుంది.

కోనసీమలో ఇంత నేల ఉండగా బండిని ఎక్కడికో తీసుకుపోవడం ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. మా నేల గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. వాన పడితే దానికి అడుగు దొరకదు. పైగా ఇక్కడ జానెడు ఖాళీ నేల ఉండదు, వరి లేకపోతే కొబ్బరి, కొబ్బరి కింద అరటి. తడిసిన కాలువ గట్టు మీద మనం సరదాకు చక్రాల గాడి పెడితే, మర్నాడు అదే దారిన ఎరువు బస్తా మోసుకుపోయే రైతు తిడతాడు. తిట్టాలి కూడా. ఇక మారేడుమిల్లి వైపు అడవి వాగుల్లోకి బండ్లు దించే పని మా బృందం ఎన్నడూ చేయలేదు, చేయదు. అది రిజర్వు అడవి. గోకవరం దగ్గర మెట్టలో ఒక మిత్రుడికి జీడిమామిడి తోట ఉంది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానకు కోసుకుపోయిన గండ్లు, మధ్యలో ఒక చిన్న వాగు. తోట ఆయనది, అనుమతి ఆయనది, గాడి పడితే పూడ్చే పూచీ మాది. మా ఇంటి నుంచి రావులపాలెం, జొన్నాడ, కడియపులంక, రాజమండ్రి, కోరుకొండ మీదుగా అక్కడికి దాదాపు ఎనభై కిలోమీటర్లు.

మొదట్లో నడుపుకుంటూనే వెళ్ళేవాణ్ణి. పొద్దున్నే వెళ్ళడంలో పెద్ద ఇబ్బంది లేదు. బురద టైర్లు తారు రోడ్డు మీద తేనెపట్టు కదిలించినట్టు రొద చేస్తాయి, పక్కవారితో గొంతు పెంచి మాట్లాడాలి. నేను కొన్నప్పుడు బండికి ఉన్న 205/70 టైర్ల కన్నా ఇవి దాదాపు పదో వంతు పెద్దవి కాబట్టి, స్పీడోమీటరు 60 చూపిస్తే నిజంగా మనం 66లో పోతుంటాం. ఎత్తు పెంచిన బండికి బ్రేకు వేశాక ఆగే దూరం కూడా పెరిగిందని నాకు అనిపిస్తుంది. ఇవన్నీ తెలిసి నడిపితే సర్దుకుపోవచ్చు.

అసలు కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. నిరుటి వానకాలం ఒక ఆదివారం సాయంత్రం తోటలో నుంచి బయటపడేసరికి చీకటి పడింది. బురదలో పట్టు కోసం టైర్లలో గాలి 18 పౌండ్లకు తగ్గించి ఉన్నాం. మళ్ళీ నింపడానికి తెచ్చుకున్న చిన్న కంప్రెసరు ఫ్యూజు పోయింది. గోకవరంలో పెట్రోలు బంకులో గాలి పెట్టించుకుని బయలుదేరాం. బండిని బయటంతా కడిగాం కానీ, చక్రాల లోపలి వైపు రిమ్ముకు అంటుకున్న మట్టిని వదిలేశాం. ఎర్రమట్టి ఆరేకొద్దీ ఇటుకలా గట్టిపడుతుంది, అదీ ఒక్కవైపే. రాజమండ్రి దాటేదాకా స్టీరింగు కొంచెం వణుకుతూ ఉంటే రోడ్డు బాగాలేదనుకున్నాను.

జొన్నాడ వంతెన మీద, రెండు శ్లాబుల మధ్య అతుకు మీదికి చక్రం ఎక్కీ ఎక్కగానే స్టీరింగు నా చేతుల్లోంచి లాక్కున్నట్టు కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. వణుకు అంటే సరిపోదు. ముందు చక్రాలు రెండూ తలలు ఊపుతున్నాయి, డాష్‌బోర్డు మొత్తం గడగడలాడుతోంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎక్కువ కొట్టుకుంటోంది. పక్కన మా బావమరిది “బావా, బ్రేకు! బ్రేకు!” అని అరుస్తున్నాడు. వెనక సిమెంటు లారీ హారన్ మోగిస్తూ దగ్గరైపోతోంది. కింద గోదావరి గౌతమి పాయ నిండుగా పారుతోంది. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ ఊపులో బండి ఎటు తిరుగుతుందో తెలియదు. యాక్సిలరేటరు వదిలేసి, క్లచ్ జోలికి పోకుండా, స్టీరింగును నిటారుగా మాత్రం పట్టుకుని ఉండిపోయాను. వేగం ముప్ఫైకి దిగాక అదే ఆగింది. వంతెన దాటి పక్కకు ఆపి దిగితే నా కాళ్ళు నిలబడలేదు. బావమరిది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సీసా తీసి నా చేతుల మీద నీళ్ళు పోశాడు.

రెండు రోజుల తర్వాత మెకానిక్కు విప్పి చూస్తే ముందు ఇరుసు మీద చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగులు అరిగి ఉన్నాయి. ఒక్కో రిమ్ము లోపల కిలోల కొద్దీ మట్టి ఉంది. గట్టి ఇరుసు ఉన్న బండికి పెద్ద టైర్లు వేసి, బేరింగులను పట్టించుకోకపోతే ఇది వస్తుంది. అది నా నిర్లక్ష్యమే. బేరింగులు మార్పించాను. కానీ ఆ రాత్రి తర్వాత ఒక సంగతి మనసులో నాటుకుపోయింది. రోజంతా రాళ్ళ మీదా నీళ్ళలోనూ బండిని పిండి, చీకట్లో అలసిన చేతులతో, అదే బండిని ఎనభైలో పోయే లారీల మధ్యకు తీసుకురావడం మనకొక్కరికే కాదు, పక్కన పోయేవారికి కూడా ప్రమాదం. మన చక్రాల నుంచి ఊడిపడిన మట్టిపెళ్ళ వెనక వచ్చే మోటారు సైకిలు వాడికి రాయితో సమానం.

అప్పుడు లారీ ఆలోచన వచ్చింది. విదేశాల్లోలా సొంత ట్రెయిలరు కొని బొలేరో వెనక తగిలించుకుందామని కూడా చూశాను. ట్రెయిలరుకు విడిగా రిజిస్ట్రేషను కావాలి. అది పెట్టుకునే చోటు కావాలి. మా వీధిలో దాన్ని వెనక్కి తీయడం మా ట్రాక్టరు డ్రైవరుకు తప్ప ఇంట్లో ఎవరికీ చేతకాదు. నెలకొక్కసారి పనికోసం అంత పెట్టుబడి దండగనిపించింది, అద్దెకే మొగ్గాను.

అద్దెకు మొదట దొరికినాయన తెచ్చింది ముందు చక్రాలు ఎత్తి వెనక చక్రాల మీద ఈడ్చుకుపోయే క్రేన్ బండి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే బండిని అలా లాగించడం నాకు ఇష్టం లేదు. ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ గేరు న్యూట్రల్‌లో లేకపోయినా, దారిలో ఎక్కడైనా పొరపాటున గేరు పడినా గేరుబాక్సు మొత్తం పాడవుతుంది. చార్జీ సగం ఇచ్చి పంపేశాను.

రెండో ఆయన లారీ బాగానే ఉంది, కట్టిన తీరు బాగాలేదు. వెనక ఇరుసు చుట్టూ ఇనుప గొలుసు వేసి బిగించాడు. గట్టిగానే ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ ఇరుసు గొట్టం మీదుగానే సన్నటి బ్రేకు పైపు చక్రానికి వెళుతుంది. గొలుసు దాన్ని నొక్కేసింది. తోటలో గండిలోకి దిగుతుండగా పెడల్ మెత్తగా నేలకంటిపోయింది. ట్రాన్స్‌ఫర్ గేరు ‘లో’లో, మొదటి గేరులో ఉన్నాం కాబట్టి ఇంజనే బండిని పట్టి ఉంచింది. లేకపోతే నేరుగా వాగులోని రాళ్ళ మీదికి పోయేవాళ్ళం. కిందికి దూరి చూస్తే పైపు చప్పబడి, పగులు దగ్గర బ్రేకు నూనె చుక్కలు కడుతోంది. బండి నడిపేవారు ఎవరైనా సరే, లారీ దింపాక మొదట బ్రేకు తొక్కి చూసి, ఇరుసుల వెంట చెయ్యి పోనిచ్చి తడి ఉందేమో చూడండి.

ఇన్ని అయ్యాక రావులపాలెం ఆయన దొరికారు. ఫోనులో ధర చెప్పకముందే రెండు ప్రశ్నలు అడిగారు. “ఏమండీ, నేల నుంచి పైకప్పు మీది గొట్టం దాకా బండి ఎత్తెంత? ముందు హబ్బులు లాకులో ఉన్నాయా, ఫ్రీలోనా?” హబ్బులంటే ముందు చక్రాలను ఇరుసుకు కలిపే, విడదీసే తాళాలు. బండి తెలిసిన మనిషి తప్ప ఈ రెండో ప్రశ్న అడగరు. అక్కడే నాకు సగం నమ్మకం కుదిరింది.

ఆయన లారీ బల్ల మొత్తం హైడ్రాలిక్‌తో వెనక్కి జరిగి నేల మీదికి వాలుతుంది. వాలు తక్కువ కాబట్టి ముందు బంపరు తగలదు. ఇంజను స్టార్ట్ చేయకుండా లారీ వించ్ తీగతోనే బండిని మెల్లగా పైకి లాగుతారు. తర్వాత కట్టడం. ఇది చూడవలసిన పని. ఛాసిస్‌ను, అంటే బండి అడుగు చట్రాన్ని కట్టరు, చక్రాలను కడతారు. ఒక్కో టైరు మీదుగా వెడల్పాటి బెల్టు వేసి, బెల్టు టైరు గాడుల్లో కూర్చునేలా రబ్బరు ముక్కలు సర్ది, రాట్చెట్‌తో (పళ్ళున్న బిగింపు పిడితో) రెండువైపులా బిగిస్తారు. చక్రాన్ని కడితే కమాను పట్టీలు వాటి పని అవి చేసుకుంటాయి. గుంట వస్తే బాడీ పైకీ కిందికీ ఊగుతుంది కానీ కట్టు వదులవదు. ఛాసిస్‌ను కిందికి లాగి కడితే, గుంటలో స్ప్రింగులు దిగిన ప్రతిసారీ కట్టు వదులై మళ్ళీ బిగుసుకుంటుంది, కొక్కెం జారిపోవచ్చు. ఆఖరున మొదటి గేరులో వేసి, హ్యాండుబ్రేకు లాగి, చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మెలు కొడతారు. హబ్బులు ఫ్రీలో ఉంటే గేరు వెనక చక్రాలనే ఆపుతుందని ఆయనకు తెలుసు, అందుకే ముందు చక్రాలకు దిమ్మెలు ఇంకా జాగ్రత్తగా బిగిస్తారు.

జొన్నాడ దగ్గర లారీ ఆపి నాలుగు బెల్టులూ మళ్ళీ పరీక్షించారు. వాటిలో రెండు ఒక్కో పన్ను మేర బిగిశాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. గెలల లోడు మీద తాడు కట్టినా అంతే, కొంత దూరం పోయాక సరుకు కుదురుకుంటుంది, తాడు సాగుతుంది, అప్పుడు మళ్ళీ బిగించాలి. ఈ పని చేయని డ్రైవరుకు మా మార్కెట్లో రెండోసారి లోడు ఇవ్వరు. చెప్పకుండానే ఆ మనిషి ఆగి బిగించాడంటే ఇక ఆయన చేతిలో బండి పెట్టి నేను వెనక కారులో కళ్ళు మూసుకోవచ్చు. నిజంగానే కడియపులంక నర్సరీల దాకా నిద్రపోయాను.

లారీ విలువ నాకు పూర్తిగా అర్థమైంది మూడో ప్రయాణంలో. బావమరిది వాగులోకి కొంచెం వేగంగా దించాడు. నీళ్ళ తాకిడికి ఫ్యాను రెక్కలు ముందుకు వంగి రేడియేటరును గీకేశాయి. ఆకుపచ్చటి కూలెంటు మొత్తం వాగులో కలిసింది. మధ్యాహ్నం మూడు గంటలు, ఆదివారం. పాత రోజులయితే గోకవరంలో మెకానిక్కు కోసం తిరిగి, బండిని ఎవరి గుమ్మం ముందో వదిలి, సోమవారం మార్కెట్టు మానుకుని మళ్ళీ రావాలి. ఆ రోజు మిత్రుడి ట్రాక్టరుతో తోట గేటు దాకా లాగి, లారీ ఎక్కించి, రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉన్నాం. బావమరిది ముఖం వాడిపోయి కూర్చుంటే “రేడియేటరే కదరా, నువ్వు బాగున్నావు కదా” అనగలిగాను. జొన్నాడ వంతెన రాత్రి ఆ మాట నా నోటి నుంచి వచ్చేది కాదు.

లోపాలు కూడా ఉన్నాయి. మా వీధిలోకి ఆ లారీ రాలేదు. బల్ల మీద ఎక్కాక మా బండి ఎత్తు పది అడుగులు దాటుతుంది. వీధికి అడ్డంగా పోయే కరెంటు సర్వీసు తీగలు, రెండు పక్కల నుంచీ వాలిన కొబ్బరి మట్టలు. మొదటిసారి క్లీనరు కుర్రవాడు ఎండిన వెదురు గెడతో తీగను ఎత్తిపట్టి నడుస్తుంటే, కనుమనాడు జగ్గన్నతోటకు వెదురుతో కట్టిన ఎత్తయిన ప్రభలు తరలేటప్పటి దృశ్యం గుర్తొచ్చింది. ప్రభలకైతే ఊరు ఊరంతా ముందూ వెనకా ఉంటుంది. ఇక్కడ ఒక్క కుర్రవాడు. ఆ ప్రాణానికి ఏమైనా అయితే అన్న భయంతో రెండోసారి నుంచి నేనే జిప్సీని రోడ్డు దాకా నడిపి అక్కడ ఎక్కిస్తున్నాను. ఆయన ఇలా గెడతో తీగలెత్తించే అలవాటు పూర్తిగా మానాలి, ఈ మాట ముఖం మీదే చెప్పాను, ఒప్పుకున్నారు. తోట వైపు కూడా చివరి మూడు కిలోమీటర్ల మట్టిదారిలోకి లారీ రాదు. వానకు ఇనుప బల్ల జారుతుంది, చీకట్లో దించడానికి వెనక దీపం సరిపోదు. మేము తలలకు టార్చీలు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది. పెళ్ళిళ్ళ రోజుల్లోనూ, కార్తీక మాసంలోనూ అసలు దొరకరు. వారం ముందే చెప్పుకోవాలి.

ఖర్చు సంగతి. పోను రాను కలిపి నాకు 7,000 రూపాయలు తీసుకున్నారు. అందులో ఎనిమిది గంటల నిరీక్షణ కలిసి ఉంది. ఆ పైన గంటకు 300. భోజనం మనమే చూసుకోవాలి, అది నాకు సంతోషమే. నడుపుకుంటూ పోతే మా జిప్సీ లీటరుకు ఎనిమిది ఇస్తుంది, 160 కిలోమీటర్లకు ఇరవై లీటర్లు, సుమారు 2,200. తేడా ఐదు వేలకు దగ్గర. నేను ఇద్దరు మిత్రులతో కలిసి వెళతాను, ముగ్గురం పంచుకుంటే ఆ తేడా బరువనిపించదు. టైర్ల అరుగుదల మిగులుతుందని కొందరు లెక్కలు చెబుతారు. నాకు ఆ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. ఎనభై కిలోమీటర్లకు టైరు ఎంత అరుగుతుంది? నేను డబ్బు ఇచ్చేది తిరిగి రావడానికి.

లారీ ఎక్కించేశాం కాబట్టి ఎలాంటి మార్పులైనా చేసుకోవచ్చు అనుకునేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపం, వివరాలు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టంలో నిబంధనలకు విరుద్ధంగా చేసిన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. బండి ముందు ఇనుప గార్డులు బిగించడం మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. నేను ఆ గార్డు అప్పుడే తీసేశాను. ఎత్తు పెంచిన సంగతి బీమా సంస్థకు చెప్పకపోతే రేపు ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. మా వీధి నుంచి రోడ్డు దాకా నేను నడిపే కొద్ది దూరానికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. పొలం కోసం మార్చిన బండికి రోడ్డు మీద పని తగ్గేకొద్దీ మంచిదని లారీ ఎక్కించడానికి ఇది కూడా ఒక కారణం.

అలాగని ఎప్పుడూ లారీయే అనను. చలికాలంలో ఇంటిల్లిపాదీ మారేడుమిల్లి వెళ్ళేటప్పుడు రోడ్డు టైర్లు వేసుకుని నడుపుకుంటూనే పోతాం. గోకవరం దాటి రంపచోడవరం వైపు చెట్లు దగ్గరయ్యే ఆ దారిని కిటికీ తెరిచి నడపడమే ప్రయాణం. అక్కడ పొగమంచులో ఆగి టీ తాగకుండా బండిని లారీ మీద పంపడంలో అర్థం లేదు. టైర్లు, ఎత్తు మార్చని కొత్త థార్ ఉన్న మిత్రులకు కూడా, తోటలో తేలికగా తిరిగి రావడానికైతే లారీ అవసరం లేదనే చెబుతాను. వాగులో దిగే రోజు, వించ్ వాడే రోజు, బండికి ఏదో ఒకటి విరగవచ్చని ముందే తెలిసిన రోజు మాత్రం లారీకి ఫోను చేస్తాను.

వచ్చే నెల రెండో ఆదివారానికి మళ్ళీ మాట్లాడుకున్నాం. బల్ల వెనక రెండు కొత్త దీపాలు పెట్టించానని, వాటి ఫొటో పంపారు. ఎత్తు మళ్ళీ కొలిచి పెట్టమన్నారు. పైకప్పు మీద స్టెప్నీ కట్టడానికి కొత్త క్యారియరు చేయించిన సంగతి ఆయనకు చెప్పడం మర్చిపోయాను. టేపు తీసుకుని కొలిచి ఈ రాత్రే పంపాలి.